అంతరిక్షంలో తేలేది ఆకర్షణ లేకనా? బాయిల దుంకే పోరగాళ్లకు తెలిసిన భౌతికశాస్త్రం

2025 జూన్ 25న శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయల్దేరారు. 1984లో రాకేశ్ శర్మ వెళ్లొచ్చాక మళ్లీ మన దేశం నుంచి ఒక వ్యోమగామి కక్ష్యలోకి పోవడం అదే, పైగా ఆ కేంద్రంలోకి వెళ్లిన మొదటి భారతీయుడు ఆయనే. జూలై 15న తిరిగొచ్చేదాకా టీవీల్లో, ఫోన్లలో అవే వీడియోలు: గాల్లో తేలుతూ మాట్లాడటం, వదిలేసిన మైకు అక్కడే నిలబడిపోవడం, నీళ్లు చుక్కలా కాకుండా గోళీలా గుండ్రంగా ఆడటం. ప్రతి వీడియో కింద దాదాపు ఒకే వివరణ, "అక్కడ గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి". గగన్‌యాన్ వార్తలు వచ్చినప్పుడల్లా ఇదే మాట మళ్లీ తిరుగుతోంది. ఇంటర్ చదివే పిల్లలు అదే అంటారు, వాళ్లకు చెప్పే సార్లలో కూడా కొందరు అదే అంటారు.

ఆ మాట నిజమైతే ఇంకో ప్రశ్నకు జవాబు దొరకదు. అంతరిక్ష కేంద్రం తిరిగే 400 కిలోమీటర్ల ఎత్తులోనే భూమి ఆకర్షణ అయిపోతే, అంతకు వెయ్యి రెట్ల దాకా దూరంలో ఉన్న చందమామను మన చుట్టూ తిప్పుతున్నది ఎవరు? ఆ అంతరిక్ష కేంద్రమైనా భూమిని వదిలి తిన్నగా పోకుండా చుట్టూనే ఎందుకు తిరుగుతోంది?

ఆకర్షణ అక్కడ ఉంది, దండిగా ఉంది. లేనిది వేరే ఒకటి.

ద్రవ్యరాశి, బలం, బరువు: మూడూ ఒకటి కాదు

ఈ గందరగోళంలో సగం ఈ మూడింటినీ కలిపేయడం వల్ల వచ్చిందే. బలం అంటే నెట్టడమో లాగడమో, అంతే. వస్తువు వేగాన్ని గానీ పోయే దిశను గానీ మార్చేది బలం. న్యూటన్ చెప్పిన వాటిలో జనం చదివి కూడా మనసులో నమ్మని సంగతి ఒకటుంది: పోతున్న వస్తువు పోతూనే ఉండటానికి బలం అక్కర్లేదు, దాని వేగం మారడానికే బలం కావాలి. మనం నమ్మకపోవడానికి కారణం కూడా ఉందిలెండి, రోడ్డు మీద ఇంజన్ ఆపితే బండి కాసేపటికి ఆగిపోతుంది. కానీ దాన్ని ఆపేది బలం లేకపోవడం కాదు, ఘర్షణ, గాలి అనే వేరే బలాలు ఉండటం.

ద్రవ్యరాశి అంటే వస్తువులో ఎంత పదార్థం ఉందో చెప్పేది. ఇంకా పనికొచ్చేలా చెప్పాలంటే, కదిలించబోతే లేదా ఆపబోతే ఆ వస్తువు ఎంత మొండికేస్తుందో చెప్పేది. దీన్ని కిలోల్లో కొలుస్తాం. బరువు అంటే, స్కూలు పుస్తకం ప్రకారం, ఆ వస్తువును భూమి తన వైపు లాగే బలం. బలం కాబట్టి దాని కొలత న్యూటన్లు. భూమి మీద ఒక్కో కిలోను భూమి సుమారు 9.8 న్యూటన్లతో లాగుతుంది. అదే సంఖ్యను ఇంకోలా చదివితే, అడ్డం లేకుండా పడే వస్తువు వేగం ప్రతి సెకనుకూ సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది.

నల్గొండ బత్తాయి రైతు దగ్గర రెండు రకాల తూకం ఉందనుకుందాం. ఒకటి పాత తరాజు, ఒక తట్టలో బత్తాయిలు, ఇంకో తట్టలో తూకపు రాళ్లు. రెండోది కొక్కేనికి సంచి తగిలిస్తే సాగే స్ప్రింగ్ కాంటా. 12 కిలోల బత్తాయిలు ఇక్కడ రెండింటిలోనూ 12 కిలోలే. ఇప్పుడు ఆ రెండూ, బత్తాయిలూ చంద్రుడి మీదికి పోయాయి, అక్కడ లాగుడు ఇక్కడి దానిలో ఆరో వంతు. తరాజు ఇంకా 12 కిలోలే చూపిస్తుంది, ఎందుకంటే బత్తాయిలు తేలికైనట్టే రాళ్లూ తేలికయ్యాయి. స్ప్రింగ్ కాంటా మాత్రం 2 కిలోలు అంటుంది. తరాజు ద్రవ్యరాశులను పోల్చి చూస్తుంది, స్ప్రింగ్ కాంటా బలాన్ని కొలుస్తుంది.

కిరాణా కొట్లో, రేషన్ దుకాణంలో ఉండే ఎలక్ట్రానిక్ కాంటా కూడా బలాన్నే కొలుస్తుంది. కొలిచిన బలాన్ని 9.8తో భాగించి కిలోలని రాసి చూపిస్తుంది. తాను భూమి మీద, కదలని నేల మీద ఉన్నానని అది ముందే అనుకుని కూర్చుంటుంది. ఆ అనుకున్నది తప్పితే ఏమవుతుందో కాసేపట్లో చూద్దాం.

400 కిలోమీటర్ల ఎత్తులో ఆకర్షణ ఎంత

అంతరిక్షం మనం ఊహించుకున్నంత దూరమేం కాదు. నేల నుంచి 100 కి.మీ. ఎత్తును, కార్మన్ రేఖ అంటారు, అంతరిక్షపు హద్దుగా చాలామంది లెక్కలోకి తీసుకుంటారు. నల్గొండ నుంచి హైదరాబాద్‌కు ఎంతో ఇంచుమించు అంతే, మహబూబ్‌నగర్ నుంచి కూడా అంతే. అంతరిక్ష కేంద్రం దానికి నాలుగింతల ఎత్తులో తిరుగుతుంది.

ఆకర్షణ దూరంతో తగ్గుతుంది, నిజమే. దూరం రెండింతలైతే నాలుగో వంతు, మూడింతలైతే తొమ్మిదో వంతు. కానీ ఆ దూరాన్ని నేల నుంచి కొలవకూడదు, భూమి కేంద్రం నుంచి కొలవాలి. ఎక్కువమంది జారేది సరిగ్గా ఇక్కడే. నేల మీద నిలబడ్డ మనమే కేంద్రానికి 6,371 కి.మీ. దూరంలో ఉన్నాం. అంతరిక్ష కేంద్రం 6,771 కి.మీ. దూరంలో ఉంది. 6,371ని 6,771తో భాగిస్తే 0.94, దాని వర్గం దాదాపు 0.885. అంటే ఇక్కడ 9.8 ఉన్నది అక్కడ 8.7 అవుతుంది. పదకొండు, పన్నెండు శాతం తగ్గింది, అంతకు మించి ఏమీ కాలేదు.

నమ్మబుద్ధి కాకపోతే నల్గొండ క్లాక్ టవర్ సెంటర్లో 400 కి.మీ. ఎత్తున్న స్తంభం ఒకటి కట్టారనుకోండి. 60 కిలోల మనిషి దాని చివరికెక్కి కాంటా మీద నిలబడితే 53 కిలోలు చూపిస్తుంది. గాల్లో తేలడు, కాళ్లు నొప్పి పుడతాయి, అంచు నుంచి జారితే కింద పడతాడు. అదే సమయంలో అదే ఎత్తులో ఆయన పక్క నుంచి అంతరిక్ష కేంద్రం దూసుకుపోతే దాని లోపలి మనుషులు మాత్రం తేలుతూ ఉంటారు. ఇద్దరికీ ఎత్తు ఒకటే, ఆకర్షణ ఒకటే. కాబట్టి తేలడానికి కారణం ఎత్తు కాదు.

చంద్రుడి దాకా పోతే ఏమవుతుందో కూడా చూద్దాం. చంద్రుడు సుమారు 60 భూ వ్యాసార్ధాల దూరంలో ఉన్నాడు, కాబట్టి అక్కడ భూమి ఆకర్షణ ఇక్కడి దానిలో 3,600వ వంతు. చాలా తక్కువే, కానీ సున్నా కాదు. సున్నా అయ్యే చోటు, అక్కడితో భూమి ఆకర్షణ ఆగిపోయింది అని గీత గీయగలిగే చోటు, ఎక్కడా లేదు. సెకనుకు 11.2 కి.మీ. వేగంతో విసిరితే భూమిని వదిలిపోతుందని చదువుతాం కదా, అప్పుడు కూడా భూమి వెనక్కి లాగుతూనే ఉంటుంది, ఆ వస్తువును ఆపి వెనక్కి తేలేకపోతుంది, అంతే.

మన ఒంటికి తెలిసేది లాగుడు కాదు, నెట్టుడు

మొత్తం చిక్కుముడి ఇక్కడుంది, కాబట్టి కొంచెం ఆగి చూద్దాం. కుర్చీలో కూర్చుని ఈ వ్యాసం చదువుతున్నారు. భూమి మిమ్మల్ని కిందికి లాగుతోంది. కానీ మీరు కిందికి పోవడం లేదు, ఎందుకంటే కుర్చీ మిమ్మల్ని అంతే బలంతో పైకి నెడుతోంది. పుస్తకాల్లో దీన్ని అభిలంబ బలం అంటారు. ఇప్పుడు మీకు బరువుగా అనిపిస్తున్నది ఈ రెండింటిలో ఏది?

లాగుడు అనే చెప్పాలనిపిస్తుంది. కాదు. ఆకర్షణ మీ ఒంట్లోని ప్రతి అణువునూ ఒకేలా లాగుతుంది, ఎముకను, రక్తాన్ని, కడుపులోని అన్నాన్ని కూడా. అన్నీ ఒకే తీరున లాగబడితే ఒకదాని మీద ఒకటి నొక్కుకునే అవసరమే రాదు, కాబట్టి తెలియడానికి ఏమీ ఉండదు. కుర్చీ నెట్టుడు అలా కాదు, అది పట్టుకునేది అడుగున ఒక్కచోటే. ఆ చోటు పై భాగాన్ని, ఆ పై భాగం ఇంకా పై భాగాన్ని నెడుతూ పోవాలి. ఈ నొక్కుడే పిరుదులకు, మోకాళ్లకు, వెన్నుపూసకు, చెవి లోపలి సమతుల్యపు అవయవానికి తెలిసేది. దీన్నే మనం బరువు అంటున్నాం.

ఇక కాంటా సంగతి. 60 కిలోల మనిషి లిఫ్టులో కాంటా మీద నిలబడ్డాడు. లిఫ్టు ఆగి ఉన్నప్పుడు కాంటా అతన్ని 588 న్యూటన్లతో నెడుతుంది, 60 కిలోలు అని చూపిస్తుంది. లిఫ్టు పైకి బయల్దేరేటప్పుడు వేగం సెకనుకు 1 మీటరు చొప్పున పెరుగుతోందనుకుందాం. మనిషి వేగం కూడా పెరగాలంటే నెట్టుడు లాగుడును మించాలి, 60 సార్లు 10.8, అంటే 648 న్యూటన్లు. కాంటా 66 కిలోలు అంటుంది. మధ్యలో లిఫ్టు ఒకే వేగంతో పోతున్నంతసేపు మళ్లీ 60 (ఇది పరీక్షల్లో చాలామంది తప్పు రాసే చోటు, పైకి పోతోంది కదా అని బరువు పెంచేస్తారు, లెక్క వేగానిది కాదు, వేగం మారడానిది). పై అంతస్తు దగ్గర నెమ్మదించేటప్పుడు 60 సార్లు 8.8, అంటే 528 న్యూటన్లు, సుమారు 54 కిలోలు. అడక్కూడదు గానీ తాడు తెగితే? మనిషి, కాంటా, లిఫ్టు మూడూ ఒకే తీరున పడుతున్నాయి. కాంటా కాళ్లను నెట్టే పనే లేదు. 9.8 లోంచి 9.8 తీసేస్తే సున్నా, 60 సార్లు సున్నా అంటే సున్నానే.

ఆ సున్నా పేరే భారరహిత స్థితి. ఆకర్షణ 588 న్యూటన్లు ఎక్కడికీ పోలేదు, నెట్టుడు పోయింది.

లిఫ్టు తాళ్లు తెంపకుండానే ఇది అందరికీ తెలిసిన అనుభవం. ఎండాకాలం మన పల్లెల్లో పోరగాళ్లు బాయి గట్టు మీద నుంచి దుంకుతారు. గట్టు నుంచి నీళ్లకు 5 మీటర్లుంటే పడటానికి ఒక్క సెకను పడుతుంది, నీళ్లను తాకేసరికి వేగం గంటకు 35 కి.మీ. దాకా ఉంటుంది. ఆ ఒక్క సెకను కడుపులో ఏదో జిల్లుమని పైకి లేచినట్టుంటుంది చూడండి, అదే. పేగులను, కడుపును కింద నుంచి ఆనించి పట్టుకునే నొక్కుడు హఠాత్తుగా లేకుండా పోయింది. గాలి తగలడాన్ని పక్కన పెడితే ఆ సెకనులో ఆ పోరడికి, అంతరిక్ష కేంద్రంలో శుక్లాకు భౌతికశాస్త్రపరంగా తేడా లేదు. శుక్లాకు బాయి అడుగు రాదు, అంతే.

ఫోన్లో కూడా చూడొచ్చు. ఫోన్ లోపల త్వరణాన్ని, అంటే వేగం ఎంత త్వరగా మారుతోందో, కొలిచే సెన్సర్ ఉంటుంది, దాన్ని చూపించే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. బల్ల మీద కదలకుండా పెట్టిన ఫోన్ 9.8 చూపిస్తుంది. కదలని ఫోన్‌కు 9.8 ఏంటి అనిపిస్తుంది గదా. అదే ఫోన్‌ను మెత్తటి పరుపు మీదికి వదిలేస్తే, పడుతున్న ఆ అరక్షణం దాదాపు సున్నా చూపిస్తుంది. సెన్సర్‌కు కూడా మన ఒంటిలాగే నెట్టుడే తెలుస్తుంది, లాగుడు తెలియదు.

అన్నీ ఒకే తీరున ఎందుకు పడతాయి

పైన నేను "ఒకే తీరున పడుతున్నాయి" అని అలవోకగా అనేశాను. లక్షల కిలోల అంతరిక్ష కేంద్రం, మనిషి, చేతిలోంచి జారిన చెంచా ఒకే తీరున పడకపోతే ఈ కథంతా కూలిపోతుంది, చెంచా నేలకు తగులుతుంది, మనిషి పైకప్పుకు అతుక్కుంటాడు. రెండింతల ద్రవ్యరాశి ఉన్న వస్తువును భూమి రెండింతల బలంతో లాగుతుంది, కానీ కదిలించబోతే ఆ వస్తువు మొండితనం కూడా రెండింతలు. రెండూ కొట్టేసుకుంటాయి. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో ఈక పట్టుకుని ఒకేసారి వదిలితే రెండూ ఒకేసారి నేలను తాకాయి. ఇక్కడ ఈక ఆలస్యంగా పడేది గాలి వల్లనే.

ఇంజన్ ఆగిన క్షణం ఏం జరిగింది

ఇంత వివరించినా ఒప్పుకోని వాళ్లకు శుక్లా ప్రయాణంలోనే సాక్ష్యం ఉంది. వాళ్ల వాహనంలో తెల్లటి హంస బొమ్మ ఒకటి తీసుకెళ్లారు, దాని పేరు జాయ్. భారరహిత స్థితి వచ్చిందని చూపించడానికి ఇలాంటి బొమ్మను తీసుకుపోవడం వ్యోమగాముల్లో చాలాకాలంగా ఉన్న అలవాటు. రాకెట్ పైకి పోతున్నంతసేపు అందరూ సీట్లకు అతుక్కుపోయి ఉంటారు, ఒంటి బరువు మూడు నాలుగు రెట్లయినట్టు ఉంటుంది. బయల్దేరిన సుమారు తొమ్మిది నిమిషాలకు ఇంజన్ ఆగుతుంది. ఆ మరుక్షణమే బొమ్మ తేలుతుంది.

ఆ ఒక్క క్షణంలో రాకెట్ ఎంత ఎత్తు పెరిగి ఉంటుంది? ఏమంత లేదు. ఇంజన్ ఆగక ముందు, ఆగిన తర్వాత భూమి ఆకర్షణ అక్షరాలా ఒకటే. మారింది ఇంజన్ నెట్టుడే. ఆకర్షణ లేకపోవడమే కారణమైతే పైకి పోయేకొద్దీ బరువు మెల్లమెల్లగా తగ్గుతూ పోవాలి గానీ, స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా పోకూడదు.

ఇంకో సంగతి, తేలడానికి కక్ష్యలో తిరగాల్సిన పని కూడా లేదు. 2021 జూలైలో మన తెలుగమ్మాయి శిరీష బండ్ల వెళ్లిన వాహనం దాదాపు 86 కి.మీ. ఎత్తు దాకా పోయి తిరిగొచ్చింది, భూమిని చుట్టలేదు. అక్కడ ఆకర్షణ నేల మీది దానిలో 97 శాతం. అయినా వాళ్లు కొన్ని నిమిషాలు తేలారు, అది కూడా వాహనం ఇంకా పైకి పోతుండగానే మొదలైంది. బత్తాయిని పైకి విసిరితే చెయ్యి వదిలిన క్షణం నుంచి మళ్లీ చేతికి అందేదాకా, పైకి పోతున్నప్పుడు కూడా, అది భారరహితంగానే ఉంటుంది. శిఖరం దగ్గర దాని వేగం సున్నా అవుతుంది, దాంతో "అక్కడ ఆకర్షణ కూడా సున్నా" అని కొందరు రాస్తారు. అదే నిజమైతే బత్తాయి అక్కడే నిలబడిపోవాలి.

జర్మనీలోని బ్రెమెన్ నగరంలో ఇందుకోసమే ఒక టవర్ కట్టారు. గాలి తీసేసిన గొట్టంలో 110 మీటర్లు పడేస్తే 4.74 సెకన్ల భారరహిత స్థితి దొరుకుతుంది, ఆ కొద్దిసేపట్లోనే ప్రయోగాలు చేస్తారు. నాగార్జున సాగర్ డ్యామ్ ఎత్తు 124 మీటర్లు, అంత ఎత్తు నుంచి గాలి అడ్డం లేకుండా పడితే 5 సెకన్లు. విమానాన్ని విసిరిన బత్తాయి దారిలో నడిపితే ఇరవై, ఇరవై అయిదు సెకన్లు వస్తుంది, వ్యోమగాములకు శిక్షణ ఇలా కూడా ఇస్తారు.

పడుతూ ఉంటే మరి నేలను ఎందుకు తాకడం లేదు

ఈ ప్రశ్నకు న్యూటనే ఒక ఊహతో జవాబు చెప్పాడు, ఎత్తయిన కొండ మీద ఫిరంగి పెట్టి. మనం దాన్ని దేవరకొండ కోట మీద పెడదాం. గాలి లేదు, భూమి తన చుట్టూ తాను తిరగడం లేదు, దారిలో కొండలూ ఇళ్లూ అడ్డం రావు అనుకుందాం. గుండును అడ్డంగా, నేలకు సమాంతరంగా పేలుస్తున్నాం. అడ్డంగా ఎంత వేగంగా పోయినా సరే, మొదటి సెకనులో అది 4.9 మీటర్లు కిందికి పడి తీరుతుంది. తక్కువ వేగమైతే దగ్గర్లోనే పడుతుంది, వేగం పెంచితే డిండి దాటుతుంది, ఇంకా పెంచితే నల్లమల దాటుతుంది.

భూమి బల్లపరుపుగా ఉంటే ఎంత వేగమైనా ఎక్కడో ఒకచోట పడాల్సిందే. కానీ భూమి గుండ్రం. 7.9 కి.మీ. అడ్డంగా పోయేసరికి భూమి ఉపరితలమే 4.9 మీటర్లు కిందికి వంగిపోతుంది. కాబట్టి గుండు వేగం సెకనుకు 7.9 కి.మీ. అయితే, సెకనులో అది 4.9 మీటర్లు పడుతుంది, నేల కూడా 4.9 మీటర్లు కిందికి జరుగుతుంది, నేలకూ దానికీ మధ్య దూరం మారదు. తర్వాతి సెకను కూడా అంతే. పడుతూనే ఉంటుంది, తాకదు. 84 నిమిషాల తర్వాత వెనక నుంచి వచ్చి మన ఫిరంగికే తగులుతుంది, కాబట్టి పేల్చినవాళ్లు పక్కకు జరగడం మంచిది.

అంతరిక్ష కేంద్రం వేగం సెకనుకు దాదాపు 7.7 కి.మీ. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు 13 సెకన్లు. ప్రతి సెకనూ భూమి వైపు 4.3 మీటర్లు పడుతోంది, సుమారు 92 నిమిషాలకు ఒక చుట్టు, రోజుకు దాదాపు 16 చుట్లు. చంద్రుడూ ఇలాగే పడుతున్నాడు, సెకనుకు మిల్లీమీటరున్నర కంటే తక్కువే, 1.36 మిల్లీమీటర్లు. రాకెట్లకు అంత ఇంధనం ఎందుకంటే ఎత్తుకు పోవడానికి కంటే ఈ అడ్డం వేగం తెచ్చుకోవడానికే ఎక్కువ ఖర్చవుతుంది. ఎత్తు మాత్రమే చాలదు, స్తంభం మీది మనిషి సంగతి చూశాం కదా.

"ఆకర్షణను అపకేంద్ర బలం సరిచేస్తుంది" అనేవాళ్ల వాదన

గైడ్లలో, కోచింగ్ నోట్సుల్లో ఇంకో వివరణ కనిపిస్తుంది. లోపలికి లాగే గురుత్వాకర్షణ, బయటికి లాగే అపకేంద్ర బలం సమానమై ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కాబట్టి తేలుతారు అని. ఇది తప్పా? చూసే చోటును బట్టి ఉంటుంది.

భూమి మీద నిలబడి చూస్తే ఆ వివరణ నిలవదు. బలాలు నిజంగానే కొట్టేసుకుంటే మిగిలేది సున్నా, సున్నా బలం ఉన్న వస్తువు తిన్నగా పోవాలి. అంతరిక్ష కేంద్రం వంకర దారిలో పోతోందంటే దాని మీద కొట్టేయని బలం ఒకటి ఉన్నట్టే. అది ఆకర్షణ ఒక్కటే.

కేంద్రంతో పాటు తిరుగుతూ, తిరుగుతున్నామన్న సంగతి పక్కన పెట్టి లెక్క వేస్తే మాత్రం బయటి వైపు ఒక బలాన్ని కలుపుకోక తప్పదు. శ్రీశైలం ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరిగితే అంచు వైపుకు ఒరిగిపోతాం, ఎవరో నెట్టినట్టే ఉంటుంది. నెట్టినవాళ్లు ఎవరూ లేరు, మనం తిన్నగా పోబోతుంటే బస్సు తిరిగింది. బస్సునే కదలని గదిగా తీసుకుంటే ఆ నెట్టుడును లెక్కలో రాయాలి. అంతరిక్ష కేంద్రానికి కూడా అలా రాస్తే, వేగం వర్గాన్ని దూరంతో భాగిస్తే, సరిగ్గా 8.7 వస్తుంది, అక్కడి ఆకర్షణకు సమానం. లెక్క తప్పు కాదు, చాలామంది ఇంజనీర్లు సౌకర్యం కోసం అలాగే చేస్తారు.

నా అభ్యంతరం ఒక్కటే. ఈ వివరణ తిరిగే వస్తువులకే పనికొస్తుంది. తాడు తెగిన లిఫ్టుకు, బాయిల దుంకిన పోరడికి, శిరీష బండ్ల వాహనానికి అపకేంద్ర బలం పేరు చెప్పి తేలడాన్ని వివరించలేం. పడటం అనే వివరణ అన్నిటికీ సరిపోతుంది.

బరువు అంటే ఏమిటో శాస్త్రవేత్తలకే రెండు మాటలు

శుక్లాకు అక్కడ బరువు ఉందా లేదా అని ఇద్దరు ఫిజిక్స్ లెక్చరర్లను అడిగితే రెండు జవాబులు రావచ్చు, ఇద్దరూ సరిగ్గానే చెప్పి ఉండొచ్చు.

ఒక నిర్వచనం ప్రకారం బరువు అంటే ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతో హెచ్చిస్తే వచ్చేది. 1901లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ ఇలాగే నిర్ణయించింది, ప్రామాణిక విలువ 9.80665 అని కూడా అప్పుడే స్థిరపడింది. మన స్కూలు పుస్తకాలు ఈ దారే పట్టాయి. దీని ప్రకారం 60 కిలోల వ్యోమగామికి అంతరిక్ష కేంద్రంలో కూడా సుమారు 520 న్యూటన్ల బరువు ఉంది. లేనిది తోచే బరువు, అంటే కాంటా చూపించేది, మాత్రమే. ఈ పక్షం వాళ్ల బలం ఏంటంటే, లిఫ్టు ఎక్కినప్పుడల్లా బరువు మారదు, లెక్క శుభ్రంగా ఉంటుంది.

రెండో నిర్వచనం ప్రకారం బరువు అంటే కాంటా చూపించేది, ఆనిక మీద మనం వేసే బలం. దీని ప్రకారం అక్కడ బరువు నిజంగానే సున్నా, తోచే బరువు, అసలు బరువు అని రెండు పేర్లు పెట్టుకోవాల్సిన పనిలేదు. ఒంటికి తెలిసేదానికీ ఇదే దగ్గర. కానీ దీనికీ చిక్కులున్నాయి. నీళ్లలో మునిగిన మనిషిని అడుగున ఉన్న కాంటా మీద నిలబెడితే చాలా తక్కువ చూపిస్తుంది, మరి నీళ్లలోకి దిగగానే అతని బరువు పోయిందనాలా?

రెండు రాశులు నిజంగా ఉన్నాయి, లాగుడు ఒకటి, నెట్టుడు ఒకటి. బరువు అనే పేరు దేనికి పెట్టాలన్నదే గొడవ. నన్నడిగితే పిల్లలకు మొదట నెట్టుడు గురించి చెప్పి, ఆ తర్వాత బరువు దగ్గరికి వస్తే సగం టెన్షన్ తగ్గుతుంది, మన పాఠాల్లో మాత్రం వరస తిరగబడి ఉంటుంది.

తేలినదల్లా భారరహితం కాదు

నీళ్ల మాట వచ్చింది కాబట్టి. బాయిలో వెల్లకిలా తేలుతున్నప్పుడు కూడా తేలికగానే ఉంటుంది, వ్యోమగాములు కూడా పెద్ద నీటి కొలనులో శిక్షణ పొందుతారు. కానీ అక్కడ నెట్టుడు పోలేదు, నేల బదులు నీళ్లు నెడుతున్నాయి, ఒక్కచోట కాకుండా ఒళ్లంతా పంచుకుని. లోపలి అవయవాలకు, చెవిలోని సమతుల్యపు అవయవానికి ఏది కింద, ఏది పైన అన్నది అప్పుడూ తెలుస్తూనే ఉంటుంది.

సూర్యుణ్ని పరిశీలించడానికి ఇస్రో పంపిన ఆదిత్య ఎల్1 విషయంలోనూ ఇలాంటి మాటే వినిపించింది. భూమి నుంచి 15 లక్షల కి.మీ. దూరంలో సూర్యుడి ఆకర్షణ, భూమి ఆకర్షణ సమానమై సున్నా అయ్యే చోట దాన్ని పెట్టారని. నిజానికి అక్కడ సూర్యుడి లాగుడే చాలా ఎక్కువ. భూమి వెనక్కి లాగడం వల్ల అందులో కాస్త తగ్గి, మిగిలినది సరిగ్గా ఏడాదికి ఒక చుట్టు తిప్పేంత అవుతుంది. అందుకే అది భూమితో పాటే సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. అదీ పడుతున్న వస్తువే, సూర్యుడి వైపు.

ఇక అంతరిక్ష కేంద్రంలో కూడా సున్నా అంటే కచ్చితమైన సున్నా కాదు. కేంద్రంలో భూమికి దగ్గరగా ఉన్న వైపు లాగుడు కాస్త ఎక్కువ, దూరపు వైపు కాస్త తక్కువ, కాబట్టి అన్నీ అచ్చంగా ఒకే తీరున పడవు. ఆ ఎత్తులో ఉన్న పలచటి గాలి కూడా కేంద్రాన్ని మెల్లగా వెనక్కి లాగుతుంది, అందుకే అది ఎత్తు కోల్పోతుంటే అప్పుడప్పుడు ఇంజన్లు పేల్చి పైకి లేపుతారు. ఇవన్నీ కలిపినా మిగిలేది మన 9.8లో పది లక్షల వంతు స్థాయిలో ఉంటుంది. శాస్త్రవేత్తలు సూక్ష్మ గురుత్వం అనేది దీన్నే.

ఐన్‌స్టీన్ దగ్గరికి వస్తే కథ తలకిందులు

1907లో బెర్న్ నగరంలో పేటెంట్ ఆఫీసులో పనిచేస్తున్న ఐన్‌స్టీన్‌కు ఒక ఆలోచన తట్టింది: పైనుంచి పడుతున్న మనిషికి తన బరువు తెలియదు. తన జీవితంలోకెల్లా సంతోషకరమైన ఆలోచన అదేనని తర్వాత ఆయనే రాసుకున్నాడు. మనం ఇప్పటిదాకా చెప్పుకున్నదే కదా, ఇందులో కొత్తేముంది అనిపించొచ్చు. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. పడుతున్న మనిషికి ఏ బలమూ తెలియకపోతే, ఏ పరికరమూ చూపించకపోతే, అసలు బలం ఉందని ఎందుకు అనాలి? 1915 కల్లా పూర్తి సిద్ధాంతం వచ్చింది. ద్రవ్యరాశి చుట్టూ స్థలం, కాలం వంగుతాయి, పడే వస్తువు ఆ వంపులో తనకు సహజమైన దారిలో పోతుంది. ఈ లెక్కన బాయిల దుంకినోడి మీద బలం లేదు. గట్టు మీద నిలబడి చూస్తున్నవాడి మీదే ఉంది, నేల వాణ్ని ఎప్పుడూ పైకి తోస్తూ ఉంది. బల్ల మీది ఫోన్ 9.8 చూపించడం, పడే ఫోన్ సున్నా చూపించడం ఈ చూపులో వింత కాదు.

అంటే న్యూటన్ తప్పా? రాకెట్ల దారి లెక్కలు దాదాపుగా ఇప్పటికీ న్యూటన్ సూత్రాలతోనే నడుస్తాయి, ఆ వేగాలకు, ఆ ఎత్తులకు తేడా చాలా చిన్నది. ఆ చిన్న తేడా కూడా కావాల్సి వచ్చేది జీపీఎస్ లాంటి చోట్ల, ఐన్‌స్టీన్ సవరణ చేయకపోతే ఆ ఉపగ్రహాల గడియారాలు రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, ఫోన్లో మనం ఉన్న చోటు ఒక్క రోజులోనే కిలోమీటర్ల కొద్దీ తప్పుతుంది.

బరువు పోయినా ద్రవ్యరాశి పోదు

అంతరిక్ష కేంద్రంలో 100 కిలోల పెట్టెను వేలితో కదిలించొచ్చు, కానీ మెల్లగానే కదులుతుంది. వేగంగా వస్తున్న అదే పెట్టెకూ గోడకూ మధ్య చెయ్యి ఇరుక్కుంటే ఇక్కడ నలిగినట్టే నలుగుతుంది. మొండితనం ద్రవ్యరాశిది, ఆకర్షణతో దానికి పనిలేదు.

ఒళ్లు మాత్రం నెట్టుడు లేకపోవడాన్ని గుర్తుపడుతుంది. ద్రవాలు తల వైపు చేరి ముఖం ఉబ్బుతుంది. మోసే పని లేని ఎముకలు నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం దాకా పలచబడతాయి, కండలు తగ్గుతాయి, అందుకే రోజుకు రెండు గంటల దాకా వ్యాయామం చేస్తారు. ఎంత తగ్గారో చూసుకోవాలంటే కాంటా పనికిరాదు, సున్నా చూపిస్తుంది. తరాజు కూడా అక్కడ పనిచేయదు, రెండు తట్టలూ ఎటు పెడితే అటే ఉండిపోతాయి. కాబట్టి వ్యోమగామిని ఒక స్ప్రింగ్ పరికరానికి ఆనించి, తెలిసిన బలంతో లాగిస్తారు. ఎంత త్వరగా కదిలాడో కొలిచి, బలాన్ని ఆ త్వరణంతో భాగిస్తే కిలోలు వస్తాయి.